కవలలకు రాత్రి నిద్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టినప్పటి నుంచి ఏడాది నిండేదాకా కవలలున్న ఇళ్ళ కోసం ఇది. ఒక్క బిడ్డ నిద్ర గురించి చెప్పే సలహాలు చాలావరకు కవలలకీ పనికొస్తాయి. కాకపోతే ఆ సలహాల వెనక ఒక బిడ్డకి ఒక మనిషి అనే లెక్క ఉంటుంది. కవలల ఇంట్లో ఆ లెక్క కుదరదు కాబట్టి, ఇక్కడ పిల్లల నిద్ర గురించి ఎంత ఉందో పెద్దవాళ్ళ నిద్ర గురించీ అంతే ఉంది.

మా పిల్లలు రాత్రంతా ఎప్పటి నుంచి పడుకుంటారు?

ముందు 'రాత్రంతా' అంటే ఎంతో చూద్దాం. పిల్లల నిద్ర మీద పరిశోధనలు చేసేవాళ్ళు చాలాకాలంగా వాడుతున్న కొలత అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా, అంటే అయిదు గంటలు. 1957లో లండన్‌లో జరిగిన ఒక అధ్యయనం నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. ఎనిమిదింటికి పడుకోబెడితే మళ్ళీ పొద్దున ఆరింటికే లేవాలన్నది మన ఆశ మాత్రమే. పక్కింటావిడ "మావాడు మూడో నెలలోనే రాత్రంతా పడుకున్నాడు" అంటే, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని ఒకసారి అడిగి చూడండి.

2018లో కెనడా పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం ఆరు నెలల పిల్లల్లో 38 శాతం మంది ఏకధాటిగా ఆరు గంటలు పడుకోవడం లేదు. ఏడాది పిల్లల్లో కూడా 28 శాతం మంది అంతే. రాత్రి లేచే పిల్లలకీ, లేవని పిల్లలకీ ఎదుగుదలలో ఆ పరిశోధకులకి తేడా కనిపించలేదు.

ఇక కవలల సంగతి. ఒక్కో బిడ్డ పది రాత్రుల్లో ఆరు రాత్రులు బాగా పడుకుంటుందనుకుందాం. ఒకరి నిద్రకీ ఇంకొకరి నిద్రకీ సంబంధం లేకపోతే, ఇద్దరూ ఒకే రాత్రి బాగా పడుకునేది పదింట నాలుగు కన్నా తక్కువే. ఇందులో తల్లి తప్పు లేదు, పిల్లల తప్పూ లేదు, లెక్కే అంత. అందుకే 'ఇద్దరూ తెల్లారేదాకా లేవకూడదు' అని పెట్టుకుంటే నెలల తరబడి నిరాశే మిగులుతుంది. దాని బదులు ఇంట్లో రాత్రి పని చేసే ప్రతి ఒక్కరికీ ఎవరూ లేపకుండా నాలుగైదు గంటల నిద్ర ఒక విడత దొరికేలా చూసుకోండి. ఇది మొదటి నెల నుంచే సాధ్యం. కింద చెప్పే చాలా సంగతులు దీని చుట్టూ తిరిగేవే.

ఎనిమిదో నెలలోనే పుట్టారు. వాళ్ళ వయసు ఎలా లెక్కపెట్టాలి?

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. నిద్ర, బోర్లా పడటం, కూర్చోవడం లాంటి వాటికి పుట్టిన తేదీ కాకుండా డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కపెట్టాలి. 34 వారాలకి పుడితే 40 నుంచి ఆరు వారాలు తక్కువ. అంటే పుట్టి నాలుగున్నర నెలలైన పిల్లల్ని నిద్ర విషయంలో మూడు నెలల పిల్లల్లా చూడాలి. ఈ పేజీలో నెలలు చెప్పిన చోటల్లా అదే లెక్క. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క, వాటిని వెనక్కి జరపొద్దు.

హాయిగా పడుకున్న పసిపిల్లల్ని పాల కోసం లేపాలా?

మొదట్లో లేపాలి. చాలామంది కవలలు రెండున్నర కిలోల లోపు బరువుతో పుడతారు. అంత చిన్న పిల్లలకి ఆకలేసినా లేచి ఏడ్చే ఓపిక ఉండదు. పుట్టినప్పటి బరువుకి మళ్ళీ చేరి, ఇక లేపక్కర్లేదని డాక్టర్ చెప్పేదాకా రెండు మూడు గంటలకోసారి పాలు పడాలి. "మా పిల్లలు మంచివాళ్ళు, అసలు లేవరు" అని రెండో వారంలో సంబరపడే ఇంట్లో ఒకసారి బరువు తూయించడం మంచిది. ఒకరు పెరిగి ఇంకొకరు పెరగకపోవచ్చు కాబట్టి ఇద్దరినీ విడివిడిగా తూచాలి.

ఒకరు లేచి పాలు తాగుతుంటే రెండోవాళ్ళనీ లేపాలా?

కవలల తల్లుల్ని అందరికన్నా ఎక్కువ తికమక పెట్టే ప్రశ్న ఇది. మొదటి మూడు నాలుగు నెలలు లేపడమే మేలు.

ఒక్కో బిడ్డకి పాలిచ్చి, తేనుపు తీసి, గుడ్డ మార్చి, మళ్ళీ పడుకోబెట్టేసరికి ముప్పావుగంట. ఒకరు ఒంటిగంటకి, ఇంకొకరు రెండున్నరకి, మళ్ళీ మొదటివాళ్ళు నాలుగింటికి లేస్తే తల్లికి మధ్యలో మిగిలేది ముప్పావుగంట ముక్కలు. అందులోనూ కన్ను మూతపడే లోపే తర్వాతి ఏడుపు మొదలవుతుంది. అదే ఇద్దరికీ కలిపి ఇస్తే గంట పని, తర్వాత రెండు గంటల విశ్రాంతి.

ఒకరు లేవగానే వాళ్ళకి పాలు మొదలుపెట్టండి. వాళ్ళది సగం అయ్యేసరికి రెండో బిడ్డకి చుట్టిన గుడ్డ విప్పండి. లంగోటా గానీ డైపర్ గానీ మార్చండి, అరికాలు మెల్లగా నిమరండి. పూర్తిగా మెలకువ రానక్కర్లేదు, మగతలోనే తాగుతారు. లైటు వేయకండి, మాట్లాడకండి. కొన్ని రోజులకి ఇద్దరి ఆకలి వేళలు దగ్గరికి వస్తాయి. ఒకేలా ఉండే కవలల్లో ఇది కాస్త సులువు, ఎందుకంటే వాళ్ళ నిద్ర తీరులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు ఉంటే పుట్టిన రోజు తప్ప ఇంకేదీ కలవదన్నట్టు ఉండొచ్చు.

ఎప్పుడు మానాలి? నాలుగైదు నెలలు వచ్చి, ఇద్దరి బరువూ బాగుండి, వాళ్ళలో ఒకరు అయిదారు గంటలు పడుకోవడం మొదలుపెడితే ఇక ఆ బిడ్డని లేపకండి. నేర్చుకున్న పొడవాటి నిద్రని మనమే విరగ్గొట్టినట్టు అవుతుంది. రెండో బిడ్డ లేస్తే వాళ్ళకే పాలివ్వండి.

రాత్రిపూట ఒకేసారి ఇద్దరికీ పాలు ఎలా ఇవ్వాలి? నాకు చేతులు రెండే!

తల్లిపాలయితే ఇద్దరినీ చెరో చంక కింద, కాళ్ళు వెనక్కి ఉండేలా పట్టుకోవడం చాలామందికి కుదురుతుంది. ఒళ్ళో గట్టి దిండు ఉండాలి, వీపుకి గోడ ఆసరా ఉండాలి. మొదటి వారాల్లో రెండో బిడ్డని అందించడానికి ఇంకో మనిషి కావాలి. ఆపరేషన్ అయిన తల్లికి ఈ పద్ధతిలో కుట్ల మీద బరువు పడదు.

పోతపాలో, పిండి పెట్టుకున్న పాలో అయితే ఇద్దరినీ తల వైపు ఎత్తుగా ఒళ్ళో ఆనించుకుని చెరో చేత్తో పట్టొచ్చు. సీసాని దిండుకి ఆనించి బిడ్డ నోట్లో పెట్టి వదిలేయడం మాత్రం ఎంత అలసటగా ఉన్నా వద్దు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చెవికి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఉగ్గుగిన్నెతో పట్టే అలవాటున్న ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరికే పట్టాలి. నెమ్మదైన పని, కానీ సీసాలు కడిగి మరగబెట్టే బాధ తప్పుతుంది.

పిండిన తల్లిపాలు మన ఎండల్లో బయట నాలుగు గంటలకి మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు తలుపు అరలో కాకుండా లోపలి వైపు పెట్టండి. మాటిమాటికీ కరెంటు పోయే ఊళ్ళో అయితే ఆ రాత్రికి సరిపడా మాత్రమే పిండుకోవడం నయం.

సోఫాలో కూర్చుని రాత్రి పాలు ఇవ్వొద్దు. కూర్చున్నచోటే నిద్ర పట్టేస్తుంది, బిడ్డ దిండ్ల సందులోకి జారుతుంది. పసిపిల్లలకి అంతకన్నా ప్రమాదకరమైన చోటు ఇంట్లో ఇంకొకటి లేదు.

రాత్రి డ్యూటీ ఎలా పంచుకోవాలి? అమ్మ ఉంది, మా ఆయన ఉన్నారు, అయినా అందరం మేలుకునే ఉంటున్నాం.

అందరూ మేలుకుని ఉండటమే ఇక్కడ సమస్య. మన ఇళ్ళలో బిడ్డ కుయ్యిమంటే నలుగురు లేస్తారు. ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు నీళ్ళు తెస్తారు, ఇద్దరు సలహా ఇస్తారు. పొద్దునకి నలుగురికీ తలనొప్పి.

రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఒక్కో బిడ్డని ఒక్కొక్కరు చూసుకోవడం. రెండోది షిఫ్టులు: రాత్రి 9 నుంచి 2 దాకా ఒకరు ఇద్దరినీ చూస్తారు, 2 నుంచి 7 దాకా ఇంకొకరు. మొదటి మూడు నెలలకి నా ఓటు షిఫ్టులకే. బిడ్డకొకరు చొప్పున పంచుకుంటే ఇద్దరు పెద్దవాళ్ళూ రాత్రంతా కాపలా కాసినట్టే, ఎవరికీ ఒక్క మంచి విడత నిద్ర దొరకదు. షిఫ్టు లేనివాళ్ళు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. అదే మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంటే షిఫ్టు ఉన్నా లేనట్టే.

తల్లిపాలు మాత్రమే ఇచ్చేవాళ్ళు ఇదెలా కుదురుతుందని అడుగుతారు. కొంచెం మార్చుకోవాలి. పాలు బాగా పడ్డాక, అంటే దాదాపు నెలన్నర దాటాక, తల్లి తొమ్మిదింటికి ఇద్దరికీ ఇచ్చి పడుకుంటే, మధ్యలో ఒక పాల వేళకి పిండి ఉంచిన పాలు అమ్మమ్మో నాన్నో పట్టొచ్చు. పాలు గడ్డకట్టినట్టు నొప్పిగా ఉంటే లేచి కాస్త పిండుకోక తప్పదు. పాలు పిండటం ఇష్టం లేకపోతే, పిల్లల్ని తెచ్చివ్వడం, తేనుపు, గుడ్డలు, జోకొట్టడం అన్నీ రెండో మనిషివి, తల్లిది పాలివ్వడం ఒక్కటే అనుకోండి. అప్పుడూ రాత్రికి గంటన్నర నిద్ర కలిసొస్తుంది.

"నాకు రేపు ఆఫీసుంది" అనే నాన్నలకి ఒక మాట. ఆవిడకీ రేపు పొద్దునే డ్యూటీ ఉంది, అక్కడ ఇద్దరు బాసులు. శని, ఆదివారాలు మాత్రమే చేస్తానంటే సరిపోదు. 9 నుంచి 1 దాకా చేసి తర్వాత పడుకున్నా ఆరు గంటల నిద్ర దక్కుతుంది.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఎవరు ఎన్నింటికి తాగారు, ఐరన్ చుక్కలు, విటమిన్ డి ఎవరికి వేశారో రాయాలి. అర్ధరాత్రి షిఫ్టు మారేటప్పుడు ఒకే బిడ్డకి రెండుసార్లు మందు పడి, ఇంకో బిడ్డకి అసలు పడకపోవడం కవలల ఇళ్ళలో జరిగేదే. ఇద్దరూ ఒకేలా ఉంటే ఒకరి కాలి బొటనవేలి గోరుకి కొంచెం రంగు వేసి ఉంచండి. ఆ మసక వెలుతురులో కన్నతల్లికి కూడా తేడా తెలియదు.

ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెట్టొచ్చా? మా మంచం మీదే పడుకోబెట్టుకుంటే?

ఒకే గది, వేరువేరు పడకలు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లో కవలలకి చెప్పింది ఇదే. కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ ఎవరి పక్క వాళ్ళకి. బ్రిటన్‌లో మాత్రం మొదటి నెలల్లో ఇద్దరినీ ఒకే తొట్టిలో పక్కపక్కనే గానీ, కాళ్ళు ఎదురెదురుగా గానీ పడుకోబెట్టడానికి ఒప్పుకుంటారు. ఒకరు ఇంకొకరి మీదికి చెయ్యి వేసే వయసు రాగానే విడదీయాలి. పెద్దవాళ్ళ మంచం మీద కవలల్ని పడుకోబెట్టుకోవద్దని రెండు దేశాలవాళ్ళూ చెబుతారు. నెలలు తక్కువగా, బరువు తక్కువగా పుట్టిన పిల్లలకి ఊపిరి ఆడకపోయే ముప్పు మామూలు పిల్లల కన్నా ఎక్కువ. పైగా ఇటొకరు, అటొకరు ఉంటే తల్లి ఎటు తిరిగినా ఒక బిడ్డ వైపే జరుగుతుంది.

రెండు తొట్లు కొనే స్తోమత గానీ, గదిలో చోటు గానీ లేకపోతే? నేల మీద రెండు గట్టి పరుపులు, చదునుగా, గోడకి దూరంగా వేసి, ఒక్కోదాని మీద ఒక్కో దోమతెర పెడితే చాలు. వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, బొంత, ఆవాల దిండు, బొమ్మలు ఏవీ ఉండకూడదు. ఆవాల దిండు దగ్గర ఇంట్లో పెద్దవాళ్ళతో మాట పడాల్సి రావొచ్చు. తల గుండ్రంగా రావడానికి పగలు మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, బోర్లా పడుకోబెట్టి ఆడించడం చాలు.

"మా కాలంలో బోర్లా పడుకోబెట్టేవాళ్ళం, ఎంత బాగా పడుకునేవాళ్ళో" అంటోంది మా అత్తయ్య.

అత్తయ్యగారు చెప్పింది నిజమే, బోర్లా పడుకున్న పిల్లలు గాఢంగా పడుకుంటారు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఊపిరికి అడ్డం వచ్చినప్పుడు లేచి ఏడవాల్సిన బిడ్డ లేవదు. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక నిద్రలో జరిగే హఠాత్ శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. మీ పిల్లలు ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో) ఉన్నప్పుడు అక్కడ బోర్లా పడుకోబెట్టి ఉండొచ్చు. అక్కడ ఒంటికి మానిటర్ తీగలు ఉంటాయి, నర్సు కళ్ళముందే ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆ లెక్క చెల్లదు.

చీర ఉయ్యాల్లో అయితేనే పడుకుంటున్నారు. పర్లేదా?

పగలు, కళ్ళెదురుగా, కాసేపు అయితే నేను వద్దనను. ఉయ్యాల లేని బాల్యం మనకి ఊహకే అందదు. రాత్రంతా మాత్రం వద్దు. చీర ఉయ్యాల్లో వీపు వంగి గడ్డం గుండెకి ఆనుతుంది, చిన్న పిల్లలకి అలా ఊపిరి దారి నొక్కుకుపోతుంది. ఒకే ఉయ్యాల్లో ఇద్దరినీ వేస్తే ఒకరి మీదికి ఇంకొకరు దొర్లుతారు, అది అసలే వద్దు.

నిద్ర అలవాటు పరంగా ఇంకో ఇబ్బంది ఉంది. ఊపుతుంటేనే నిద్రపోయే బిడ్డ, మధ్యరాత్రి మెలకువ వచ్చినప్పుడు కూడా ఊపమంటుంది. ఒకరైతే కాలితో ఊపుతూ కునుకు తీయొచ్చు. ఇద్దరికీ రెండు ఉయ్యాలలు ఊపుతూ ఎన్నాళ్ళు? మూడో నెల నుంచి, కళ్ళు బరువెక్కాక, పూర్తిగా నిద్రపోకముందే పక్క మీదికి దించి, గుండె మీద చెయ్యి వేసి జోకొట్టడం అలవాటు చేయండి. రోజుకి ఒక్క నిద్రతో, రాత్రి మొదటి నిద్రతో మొదలుపెడితే చాలు.

ఒకరి ఏడుపుకి ఇంకొకరు లేచిపోతారు కదా? వేరే గదుల్లో పెట్టాలా?

మీరు భయపడినంతగా లేవరు. కడుపులో నుంచే ఒకరి కదలికలకి ఒకరు అలవాటు పడ్డవాళ్ళు. గుక్క పెట్టి ఏడుస్తున్న చెల్లి పక్కనే అక్క గుర్రుపెట్టి పడుకోవడం కవలల ఇంట్లో రోజూ చూసేదే. ఏడుపు వినగానే నిశ్శబ్దంగా ఉన్న బిడ్డని కూడా ఎత్తుకుని గది దాటించే కంగారే చాలాసార్లు రెండోవాళ్ళని లేపుతుంది.

ఫ్యాన్ చప్పుడు లాంటి ఏకధాటి శబ్దం కొంత సాయం చేస్తుంది. ఆ శబ్దం కోసం అమ్మే యంత్రాలతో జాగ్రత్త. 2014లో ఇలాంటివి 14 పరీక్షిస్తే, బిడ్డకి అడుగు దూరంలో మోత అన్నింటిలోనూ పిల్లల వార్డులకి పెట్టిన పరిమితిని దాటింది. రెండు మీటర్ల దూరంలో, తక్కువ శబ్దంతో పెట్టండి. ఫోన్‌ని తల పక్కన పెట్టి యూట్యూబ్‌లో వాన చప్పుడు పెట్టేవాళ్ళకీ ఇదే మాట.

పగలంతా నిద్ర, రాత్రంతా ఆటలు. ఎలా మార్చాలి?

రెండు మూడు నెలల దాకా పిల్లల ఒంట్లో పగలు, రాత్రి తేడా తెలిపే గడియారం కుదురుకోదు. దాన్ని కుదర్చడానికి వెలుతురే మందు. పొద్దున ఒకే వేళకి ఇద్దరినీ లేపి కిటికీ దగ్గరికో వరండాలోకో తీసుకెళ్ళండి. బాలింత గది తలుపులు మూసి, తెరలు వేసి పగలు కూడా చీకటి చేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. పగటి నిద్రలో కుక్కర్ కూతలు, మాటలు అన్నీ వినపడనివ్వండి. సాయంత్రం ఏడు తర్వాత లైట్లు తగ్గించి, టీవీ కట్టేసి, ఒళ్ళు తుడిచి, పాలిచ్చి, ఒకే జోలపాట పాడండి. రోజూ అదే వరస ఉండాలి. స్నానం ఇద్దరికీ రోజూ రాత్రి చేయించక్కర్లేదు, మీ నడుము ముఖ్యం.

సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ గుక్క పెట్టి ఏడుస్తున్నారు. దిష్టి అంటున్నారు.

చంటిపిల్లల సాయంత్రపు ఏడుపు రెండో మూడో వారంలో మొదలై, ఆరో వారానికి బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. నెలలు తక్కువ పిల్లలైతే ఆ వారాలు డెలివరీ తేదీ నుంచి మొదలవుతాయి. కవలల్లో ఒకరిని చూసి ఒకరు రెచ్చిపోవడం అదనం. దిష్టి తీయండి, పెద్దవాళ్ళకి తృప్తి. ఎండుమిరపకాయలు మాత్రం పెరట్లో కాల్చండి. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట పొగ కూడా పిల్లల గదిలో వద్దు, ముక్కు దిబ్బడేసిన బిడ్డ ఎలాగూ నిద్రపోదు.

ఆ ఏడుపు వేళలో పనికొచ్చేది ఒంటికి ఒళ్ళు ఆనించి ఉంచడం. నాన్న ఛాతీ మీద ఒకరు, అమ్మమ్మ భుజం మీద ఇంకొకరు. కంగారూ మదర్ కేర్ అని ఆసుపత్రిలో నేర్పేది ఇదే. 1978లో కొలంబియాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. బిడ్డని మోస్తున్న పెద్దవాళ్ళు మెలకువగా ఉండాలి, అదొక్కటే షరతు.

గ్రైప్ వాటర్, వస, జలుబు సిరప్... ఏదైనా వేస్తే నిద్రపోతారా?

నిద్ర కోసం ఏదీ వేయకండి. వస కొమ్ము అరగదీసి నాకిస్తే ఎంత మోతాదు పడిందో ఎవరూ చెప్పలేరు. తేనె ఏడాది లోపు అసలు వద్దు, బొటులిజం అనే జబ్బు కండరాల్ని చచ్చుబడేలా చేస్తుంది. జలుబు సిరప్ మత్తుకి పడుకోబెట్టడం ఇంకా ప్రమాదం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఇంట్లో ఆ సీసా ఉంటే ఒకసారి తీసి చదవండి.

నాలుగో నెల నుంచే ఉగ్గు పెడితే కడుపు నిండి పడుకుంటారట?

దీన్ని నిజంగానే పరీక్షించారు. ఇంగ్లండ్‌లో 1,300 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. మూడో నెల నుంచి ఘనాహారం పెట్టినవాళ్ళు, ఆరు నెలలు తల్లిపాలే తాగినవాళ్ళ కన్నా ఎక్కువ పడుకున్నది రాత్రికి పావుగంట చిల్లర మాత్రమే. ఆ పావుగంట కోసం ఆరు నెలల తల్లిపాల నియమం దాటాలా అన్నది మీరే చూసుకోండి. ఆహారం మొదలుపెట్టే వేళ నెలలు తక్కువ పిల్లలకి డాక్టర్ని అడిగి నిర్ణయించుకోవాలి. అన్నప్రాశన ముహూర్తం పెట్టే ముందు ఆ మాట అడగండి.

బాగా పడుకుంటున్నవాళ్ళు నాలుగో నెలలో మళ్ళీ గంటగంటకీ లేస్తున్నారు. ఏమైంది?

నిద్ర పెద్దవాళ్ళ నిద్రలా దశలుగా విడిపోయే వయసు ఇది. ఒక దశకీ ఇంకో దశకీ మధ్య తేలిగ్గా మెలకువ వస్తుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈలోగా కుయ్యిమనగానే ఎత్తుకోకుండా రెండు నిమిషాలు ఆగి చూడండి, సగం సార్లు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ కళ్ళు మూస్తారు. బోర్లా తిరగడానికి ప్రయత్నం మొదలైతే గుడ్డలో చుట్టడం ఆపేయాలి. ఇద్దరిలో ఎవరు ముందు తిరిగితే వాళ్ళకి ముందు ఆపండి.

తెలుగిళ్ళలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. మూడో నెలో అయిదో నెలో పుట్టింటి నుంచి అత్తారింటికి వచ్చే వేళ ఇదే. ఇల్లు కొత్త, వాసన కొత్త, అమ్మమ్మ చెయ్యి లేదు. పాత పక్కగుడ్డలు ఉతక్కుండా తెచ్చుకోండి, అదే జోలపాట, అదే వరస కొనసాగించండి. మొదటి వారం చుట్టాల రాకని సాయంత్రం ఆరులోపే ముగించమని చెప్పడం మీ ఆయన పని.

ఏడవనిచ్చి అలవాటు చేసే పద్ధతి కవలలకి పనిచేస్తుందా?

ఆరు నెలలు నిండాక, ఎదుగుదల బాగుంటే పనిచేస్తుంది, అంతకుముందు వద్దు. ఆస్ట్రేలియాలో 2016లో 43 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో, కొద్దికొద్ది నిమిషాలు పెంచుతూ ఏడవనిచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోను పెరగలేదు, ఏడాది తర్వాత తల్లితో అనుబంధమూ తగ్గలేదు. అక్కడే ఇంకో అధ్యయనంలో పిల్లల్ని ఆరేళ్ళ వయసు దాకా గమనిస్తే చెడూ కనిపించలేదు, ప్రత్యేకంగా మేలూ కనిపించలేదు. కాబట్టి ఇది మీ ఓపికని బట్టి, ఇంటిని బట్టి తీసుకునే నిర్ణయం. చేయకపోతే పిల్లలు చెడిపోరు.

అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు కలిసి ఏడిస్తే కింది ఫ్లోర్ వాళ్ళు తలుపు తడతారు, ఇంట్లో నానమ్మ ఊరుకోదు. మన ఇళ్ళకి మెత్తని పద్ధతే నయం. ఆ 2016 పరీక్షలోనే పడుకోబెట్టే వేళని జరిపే పద్ధతి కూడా ఉంది. ఎనిమిదింటికి పడుకోబెట్టినా తొమ్మిదిన్నరకి గానీ నిద్ర పట్టకపోతే, కొన్ని రోజులు తొమ్మిదిన్నరకే పడుకోబెట్టండి. పక్క మీద పెట్టగానే పడుకోవడం అలవాటయ్యాక పావుగంట చొప్పున ముందుకి తెండి. ఇద్దరిలో శాంతంగా ఉన్న బిడ్డని ముందు పడుకోబెట్టండి. ఏడ్చేవాళ్ళ చుట్టూనే మనం తిరుగుతాం, మంచిగా ఉన్న బిడ్డ ఎదురుచూసి ఎదురుచూసి అలసిపోయి ఏడుపు మొదలుపెడుతుంది.

మేం అమెరికాలో ఉంటాం. అమ్మ ఆరు నెలలే ఉండగలదు. తర్వాత మేమిద్దరమే.

ఇరువైపుల అమ్మానాన్నలనీ ఒకేసారి రప్పించుకోకండి. ఒకరి తర్వాత ఒకరు వస్తే ఏడాది దాకా చెయ్యి సాయం ఉంటుంది. అమ్మ వెళ్ళేలోపే, చివరి నెలలో, రాత్రులు మీరిద్దరే చేసి చూడండి. ఆవిడ పగలు మిమ్మల్ని పడుకోనిస్తే చాలు. కారు సీట్లో నిద్రపోయిన పిల్లల్ని ఇంటికి రాగానే చదునైన పక్క మీదికి మార్చండి, రెండు సీట్లు మోసుకొచ్చి హాల్లో అలాగే వదిలేయాలనిపించినా సరే.

ఉక్కపోత, ఏసీ, డైపర్... ఏది ఎలా?

పిల్లల మెడ వెనక చెయ్యి పెడితే చెమట తగిలితే ఎక్కువ బట్టలు వేసినట్టు. ఇంట్లో నిద్రలో టోపీ, చెవుల్లో దూది అక్కర్లేదు. బరువు మరీ తక్కువైన పిల్లలకి టోపీ సంగతి డాక్టర్ చెబుతారు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. పగలు లంగోటాలే కట్టినా రాత్రికి మాత్రం డైపర్ వాడండి, తడి వల్ల వచ్చే మెలకువలు రెండింతలు కాకుండా ఉంటాయి.

పిల్లలు పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు. ఏడుపు వస్తోంది.

దీన్ని నిద్ర సమస్యగా కాకుండా మీ ఆరోగ్య సమస్యగా చూడండి. కవలల తల్లుల్లో కాన్పు తర్వాతి డిప్రెషన్ ఎక్కువ. అవకాశం ఉండి కూడా నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద ఏ భావమూ కలగకపోవడం, చనిపోవాలనిపించడం ఉంటే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ ఉచిత ఫోన్ 14416, తెలుగులో మాట్లాడతారు. "ఇద్దరు బిడ్డల్ని దేవుడిచ్చాడు, ఏడుస్తావేం" అనేవాళ్ళ మాట అప్పటికి పక్కన పెట్టండి.

విసుగొచ్చి బిడ్డని గట్టిగా ఊపేస్తానేమో అనిపించిన క్షణంలో ఇద్దరినీ పక్క మీద వెల్లకిలా పెట్టి, తలుపు దగ్గరగా వేసి, అయిదు నిమిషాలు బయట నిలబడండి. ఏడుపు వల్ల పిల్లలకి ఏమీ కాదు, ఊపడం వల్ల మెదడు దెబ్బతింటుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి?

మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలు ఉన్నా, అంతకు మించినా, రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఊపిరి మధ్యలో ఆగినట్టు అనిపించినా, పెదవులు నీలంగా మారినా, పాలకి లేపినా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. రోజూ గురక పెట్టడం, పాలు తాగాక వెన్ను విరుచుకుని ఏడవడం, బరువు పెరగకపోవడం లాంటివి ఆ వారంలోనే చూపించాలి. ఆసుపత్రికి ఒక్కరి కోసమే వెళ్ళినా ఇద్దరి ఫైళ్ళూ తీసుకెళ్ళండి, రెండో బిడ్డ బరువు ఎంతని డాక్టర్ అడుగుతారు.

ఒకరు బాగా పడుకుంటున్నారు, ఇంకొకరు ఏడాది వచ్చినా లేస్తున్నారు. పోల్చకుండా ఎలా ఉండాలి?

పోలుస్తారు, తప్పదు. కానీ పోల్చి ఒకరికి "నిద్ర దొంగ" అని పేరు పెట్టకండి, ఆ పేరు స్కూల్ దాకా వస్తుంది. లేస్తున్న బిడ్డకి ఐరన్ తక్కువుందేమో ఒకసారి చూపించండి. నెలలు తక్కువ పిల్లల్లో ఇది తరచూ ఉంటుంది, నిద్రని చెడగొడుతుంది. అది బాగుంటే, లేచే బిడ్డ పక్కని మీ వైపు, పడుకునే బిడ్డ పక్కని గదిలో అవతలి వైపు వేయండి. ఇక ఎవరి షిఫ్టులో ఎక్కువసార్లు లేచిందో పొద్దున లెక్కలు తీయడం ఇద్దరూ మానేయండి.